మొక్క కణం హార్మోన్‌ను గ్రహించిందో లేదో మొలకలతో పరీక్షించే క్రమం

పెరుగుదలను నియంత్రించే ఆక్సిన్ అనే హార్మోన్ కలిపిన మాధ్యమంలో పెట్టిన మొలకల వేళ్లు పొట్టిబడ్డాయి కాబట్టి కణాలు హార్మోన్‌ను గ్రహించినట్టేనా అని వృక్షశాస్త్ర విద్యార్థులు, ప్రయోగశాల తరగతులు నడిపే అధ్యాపకులు తరచుగా అడుగుతుంటారు. వేరు పొట్టిబడటానికి ద్రావణి, పీహెచ్, మూసిన పళ్లెంలో పోగైన ఇథిలీన్ (మొక్కలే విడుదల చేసే వాయు హార్మోన్), చివరికి విత్తనం వయసు కూడా కారణం కావచ్చు. అందువల్ల ఆ ప్రశ్నకు ఒక్క పళ్లెం చూసి జవాబు చెప్పలేం. ఈ కారణాలను ఒక్కొక్కటిగా తొలగించుకుంటూ పోయే క్రమం ఇక్కడ ఉంది. ప్రధాన ఉదాహరణగా ఆక్సిన్‌నే తీసుకున్నాం. మిగతా హార్మోన్లకు చేయవలసిన మార్పులు 9వ భాగంలో ఉన్నాయి.

## 1. ముందుగా తెలిసి ఉండవలసిన దారి

బయట వేసిన హార్మోన్ పెరుగుదలగా మారేలోపు నాలుగు దశలు దాటాలి. అది కణంలోకి చేరాలి, విచ్ఛిన్నం కాకుండా నిలవాలి, గ్రాహక ప్రోటీన్‌కు తగలాలి, ఆ తర్వాత గ్రాహకం పంపిన సంకేతాన్ని కణం అమలు చేయాలి. ఈ నాలుగింటిలో ఏది తెగినా పైకి కనిపించేది ఒకటే, అంటే స్పందన లేకపోవడమే.

ఆక్సిన్ విషయంలో ముఖ్యమైన గ్రాహకాలు టీఐఆర్1/ఏఎఫ్‌బీ ప్రోటీన్లు. ఆక్సిన్ లేనప్పుడు ఆక్స్/ఐఏఏ అనే ప్రోటీన్లు, జన్యువులను పని చేయించే ఏఆర్ఎఫ్ ప్రోటీన్లను అణచి ఉంచుతాయి. ఆక్సిన్ అణువు టీఐఆర్1లోని గుంటలో చేరినప్పుడు అక్కడ ఆక్స్/ఐఏఏ ప్రోటీన్ గట్టిగా అతుక్కుంటుంది, దానికి యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ గుర్తుగా పడుతుంది, ప్రోటీన్లను విరగ్గొట్టే ప్రోటియాసోమ్ దాన్ని ముక్కలు చేస్తుంది, దాంతో ఏఆర్ఎఫ్‌లకు అడ్డు తొలగిపోతుంది. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఈ గ్రాహకాలు 6, ఆక్స్/ఐఏఏ ప్రోటీన్లు 29 ఉన్నాయి. ఒకే హార్మోన్‌కు వేరు ఒకలా, కాండం మరొకలా స్పందించడానికి, ఏ కణంలో వీటిలో ఏవి ఉన్నాయన్నది ఒక ముఖ్య కారణం.

అయితే అన్ని స్పందనలూ జన్యువుల దాకా వెళ్లవు. ఆక్సిన్ తగిలిన వేరు ఒక నిమిషం లోపే నెమ్మదిస్తుంది. కొత్త ప్రోటీన్ తయారు కావడానికి ఆ వ్యవధి చాలదు. ఈ వేగవంతమైన స్పందనలో కణద్రవ్యంలో ఎక్కువగా ఉండే ఏఎఫ్‌బీ1 పాత్ర పెద్దది. కాండం కణాల్లో దీనికి భిన్నంగా, ఆక్సిన్ ప్రభావంతో ప్రోటాన్ పంపులు చురుకై కణకవచం ఆమ్లత పెరుగుతుంది, అక్కడి ప్రోటీన్లైన ఎక్స్‌పాన్సిన్‌లు కవచాన్ని వదులు చేస్తాయి, కణం నీటిని తీసుకుని సాగుతుంది.

కాబట్టి ఎప్పుడు కొలుస్తున్నామన్నదే ఏం కొలుస్తున్నామో నిర్ణయిస్తుంది. నిమిషాల్లో కొలిస్తే తొలి సంకేతం, గంటల్లో కొలిస్తే జన్యువుల స్పందన, రోజుల తర్వాత కొలిస్తే వీటన్నింటి మొత్తం ఫలితం కనిపిస్తుంది.

## 2. కణజాలాన్ని ఎంచుకోవడం

ఆక్సిన్‌కు వేరు అత్యంత సున్నితమైనది. 10 నానోమోలార్ నుంచి 1 మైక్రోమోలార్ మధ్యలోనే వేరు పొడవు స్పష్టంగా తగ్గుతుంది. గడ్డిజాతి మొలకల తొలి ఆకును కప్పి ఉండే గొట్టంలాంటి తొడుగు, అంటే ప్రాంకుర కంచుకం, దాదాపు 10 మైక్రోమోలార్ దగ్గర బాగా సాగుతుంది. కంచుకానికి మేలు చేసే గాఢత వేరును దాదాపుగా ఆపేస్తుంది. అందుకే ఒక కణజాలానికి సరిపోయిన మోతాదును మరొకదానికి వాడకూడదు.

మొదటిసారి చేసేవారికి వేరు పరీక్ష తేలిక. అరబిడాప్సిస్ దొరికితే దానినే వాడండి, ఎందుకంటే 8వ భాగంలో చెప్పే ఉత్పరివర్తిత (ఏదో ఒక జన్యువు మారిన) మొక్కలు అందులోనే ఉన్నాయి. లేకపోతే అదే కుటుంబానికి చెందిన ఆవ మొలకలతో 7వ భాగం వరకు అంతా చేయవచ్చు.

ప్రాంకుర కంచుకంతో చేయదలచినవారు పై కొన నుంచి కొన్ని మిల్లీమీటర్లను తీసేసి, దాని దిగువ 10 మి.మీ. ముక్కలు కోయాలి. కొన స్వయంగా ఆక్సిన్‌ను సరఫరా చేస్తుంది కాబట్టి అది ఉండగా బయటి ఆక్సిన్ ప్రభావం సరిగా కనిపించదు. కోసిన ముక్కలను గంటో రెండు గంటలో ద్రావణంలో తేలనిచ్చి, లోపల మిగిలిన ఆక్సిన్ తగ్గాక పరీక్ష మొదలుపెట్టాలి.

## 3. మూల ద్రావణం, మోతాదుల వరుస

మొక్కల్లో సహజంగా ఉండే ఆక్సిన్ ఇండోల్-3-ఎసిటిక్ ఆమ్లం, క్లుప్తంగా ఐఏఏ. దాని అణుభారం 175.2. నీటిలో సరిగా కరగదు కాబట్టి 17.5 మి.గ్రా. ఐఏఏను 10 మి.లీ. ఇథనాల్‌లో కరిగిస్తే 10 మిల్లీమోలార్ మూల ద్రావణం వస్తుంది. కాంతి తగలని సీసాలో, మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ వద్ద, చిన్న భాగాలుగా నిల్వ చేయండి. రంగు మారి గులాబీ లేదా గోధుమ ఛాయ కనిపిస్తే ఆ ద్రావణాన్ని పారేయడమే మంచిది.

తర్వాతి అడుగులోనే ఎక్కువ ప్రయోగాలు పాడవుతాయి. ఒకే మూల ద్రావణాన్ని ఒక పళ్లెంలో 1 చుక్క, మరో పళ్లెంలో 10 చుక్కలు వేస్తే హార్మోన్‌తో పాటు ఇథనాల్ కూడా పది రెట్లు పెరుగుతుంది. అప్పుడు వేరు పొట్టిబడినా అది ఏ కారణం వల్లో చెప్పలేం. దానికి బదులు ఇలా చేయండి:

1. 10 మిల్లీమోలార్ ద్రావణంలో 1 భాగాన్ని 9 భాగాల ఇథనాల్‌తో కలిపి 1 మిల్లీమోలార్ చేయండి.
2. ఇదే పద్ధతిలో 100, 10, 1 మైక్రోమోలార్ ద్రావణాలు వరుసగా చేయండి. ప్రతి అడుగులో పిపెట్ కొన మార్చండి.
3. ఈ అయిదింటిలో ప్రతిదాని నుంచి 50 మైక్రోలీటర్లను 50 మి.లీ. మాధ్యమంలో కలపండి.
4. చివరి గాఢతలు 10 మైక్రోమోలార్, 1 మైక్రోమోలార్, 100 నానోమోలార్, 10 నానోమోలార్, 1 నానోమోలార్ అవుతాయి.
5. పోల్చడానికి ఉంచే హార్మోన్ లేని పళ్లేనికి, అంటే కంట్రోల్ పళ్లేనికి, 50 మైక్రోలీటర్ల ఖాళీ ఇథనాల్ కలపండి.

ఇప్పుడు ప్రతి పళ్లెంలోనూ ఇథనాల్ 0.1 శాతమే ఉంటుంది. దీనికి తోడు ఇథనాల్ కూడా లేని పళ్లెం ఒకటి ఉంచితే, ద్రావణి వల్ల ఏమైనా జరుగుతోందో లేదో తెలిసిపోతుంది.

## 4. మాధ్యమం, పీహెచ్

సగం బలం గల మురాషిగి-స్కూగ్ లవణాలు, 0.8 నుంచి 1 శాతం అగార్ సరిపోతాయి. పీహెచ్‌ను 5.7 దగ్గర సరిచేసి, అది మారకుండా ఉంచడానికి లీటరుకు 0.5 గ్రా. ఎంఈఎస్ బఫర్ కలపండి.

పీహెచ్ గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, ఐఏఏ బలహీనమైన ఆమ్లం, దాని పీకేఏ, అంటే సగం అణువులు ఆవేశం లేని రూపంలో ఉండే పీహెచ్, సుమారు 4.75. పీహెచ్ 5.7 వద్ద అందులో దాదాపు పదో వంతు ఆవేశం లేని రూపంలో ఉండి, కణత్వచం గుండా తనంతట తాను లోపలికి చొచ్చుకుపోగలదు. పీహెచ్ 7కు చేరితే ఆ రూపం అర శాతానికి కాస్త ఎక్కువగా మాత్రమే మిగులుతుంది. అంటే పళ్లెంలో వేసిన హార్మోన్ మారకపోయినా కణానికి అందే హార్మోన్ మారిపోతుంది. పైగా కాండం, కంచుకం కణాలు ఆక్సిన్ లేకుండానే, కేవలం ఆమ్ల ద్రావణంలో కూడా కొంతసేపు సాగుతాయి. బఫర్ లేని ప్రయోగంలో ఈ రెండింటినీ విడదీయడం సాధ్యం కాదు.

ఆటోక్లేవ్ చేసిన (అధిక పీడన ఆవిరితో శుద్ధి చేసిన) మాధ్యమం 50 నుంచి 55 డిగ్రీలకు చల్లారాక హార్మోన్ కలిపి, నురగ రాకుండా తిప్పి, వెంటనే పళ్లేల్లో పోయండి. మాధ్యమంలో ఉన్న ఐఏఏ తెల్లని వెలుతురులో త్వరగా విచ్ఛిన్నమవుతుంది. పళ్లేలను వాడే రోజే పోయడం, పసుపు రంగు వడపోత కింద పెంచడం ఈ నష్టాన్ని తగ్గిస్తాయి.

## 5. విత్తనాలు, మొలకలు

ఒకే పంట నుంచి వచ్చిన, ఒకే వయసున్న విత్తనాలను వాడండి. ఉత్పరివర్తిత మొక్కను సాధారణ మొక్కతో పోల్చేటప్పుడు రెండింటినీ పక్కపక్కన పెంచి సేకరించిన విత్తనాలే తీసుకోవాలి. ఏడాది తేడా ఉన్న విత్తనాల మధ్య కనిపించే తేడాను జన్యువుకు అంటగట్టడం చాలా సులువుగా జరిగిపోతుంది.

విత్తనాలను 70 శాతం ఇథనాల్‌లో ఒక నిమిషం, తర్వాత 1 నుంచి 2 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో 5 నుంచి 10 నిమిషాలు ఉంచి, శుద్ధి చేసిన నీటితో నాలుగైదు సార్లు కడగండి. అరబిడాప్సిస్ విత్తనాలను విత్తాక 2 నుంచి 3 రోజులు 4 డిగ్రీల వద్ద చీకటిలో ఉంచితే అన్నీ దాదాపు ఒకేసారి మొలుస్తాయి. ఆవాలకు ఇది అవసరం లేదు.

విత్తనాలను నేరుగా హార్మోన్ మీద మొలకెత్తించకండి. అలా చేస్తే మొలకెత్తడంలో ఆలస్యం, వేరు పెరుగుదల తగ్గడం కలిసిపోతాయి. హార్మోన్ లేని పళ్లెం మీద నిలువుగా పెంచి, వేరు సుమారు 1 సెం.మీ. ఉన్నప్పుడు మార్చాలి. అరబిడాప్సిస్‌కు ఇందుకు నాలుగైదు రోజులు పడుతుంది.

మార్చే ముందు సరిచూసుకోండి:

- మొలకల వేళ్లు తిన్నగా, దాదాపు ఒకే పొడవులో ఉన్నాయా?
- అగార్‌లోకి దూరిపోయిన వేళ్లను పక్కన పెట్టారా?
- ప్రతి మోతాదుకు కనీసం 20 మొలకలు, రెండు మూడు పళ్లేలు ఉన్నాయా?
- పళ్లేల అడుగున మోతాదుకు బదులు సంకేత సంఖ్య రాశారా? కొలిచేవారికి ఏ పళ్లెం ఏదో తెలియకపోవడమే మంచిది.

## 6. మార్చడం, కొలవడం

మొలకను బీజదళాల కింద నుంచి పట్టకారుతో ఎత్తి మార్చండి, వేరును పట్టుకోవద్దు. వేరు కొన ఎక్కడుందో పళ్లెం వెనుక సన్నని గీత గీయండి. పళ్లేలను నిలువుగా నిలబెట్టండి.

పళ్లేల అంచులను గాలి చొరని పారాఫిన్ పొరతో మూయకండి. మొలకలు విడుదల చేసే ఇథిలీన్ లోపల పోగై, కంట్రోల్ వేళ్లను కూడా పొట్టి చేస్తుంది. గాలి ఆడే శస్త్రచికిత్స టేపు చాలు.

24 గంటల తర్వాత స్కేలుతో పాటు ఫోటో తీసి, గీత నుంచి కొత్త కొన వరకు ఉన్న పొడవును ఇమేజ్‌జే వంటి సాఫ్ట్‌వేర్‌లో కొలవండి. మొత్తం వేరు పొడవు కొలవవద్దు, అందులో హార్మోన్ తగలకముందు పెరిగిన భాగం కూడా ఉంటుంది. పార్శ్వ వేర్లు, మూలకేశాలు చూడదలచినవారు మరో నాలుగైదు రోజులు ఆగాలి.

## 7. లెక్క, రేఖ

ప్రతి మోతాదుకు వచ్చిన పెరుగుదలను ద్రావణి కంట్రోల్‌లో శాతంగా మార్చండి. అడ్డగీతపై మోతాదును లాగరిథమ్ కొలమానంలో, నిలువు గీతపై శాతాన్ని పెట్టి రేఖ గీయండి. పెరుగుదలను సగానికి తగ్గించే గాఢతను దాని నుంచి చదవండి.

రేఖ ఆకారం ఆ ఒక్క సంఖ్య కంటే ఎక్కువ చెబుతుంది. మొత్తం రేఖ కుడి వైపుకు జరిగితే అదే ఫలితానికి ఎక్కువ హార్మోన్ కావలసి వస్తోందని, అంటే సున్నితత్వం తగ్గిందని అర్థం. రేఖ జరగకుండా, ఎంత హార్మోన్ ఇచ్చినా స్పందన సగంలోనే ఆగిపోతే, అమలు దశలో ఏదో కొరవడిందని అనుమానించాలి. ఒకే మోతాదుతో చేసిన పరీక్షలో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. అయిదు మోతాదుల శ్రమ తప్పదని చెప్పడం అందుకే.

గణాంకాల్లో ఒక జాగ్రత్త అవసరం. ఒకే పళ్లెంలోని 20 మొలకలు 20 స్వతంత్ర ప్రయోగాలు కావు. వాటన్నింటికీ ఒకే మాధ్యమం, ఒకే వెలుతురు. మొత్తం ప్రయోగాన్ని వేర్వేరు రోజుల్లో, కొత్తగా పోసిన మాధ్యమంతో కనీసం మూడుసార్లు చేసి, ఆ మూడింటి సగటులను పోల్చాలి.

## 8. లోపం ఏ దశలో ఉందో విడదీయడం

ఒక మొక్క ఐఏఏకు స్పందించలేదనుకుందాం. గ్రాహకం పాడైందని తీర్మానించే ముందు ఈ వరుసలో వెళ్లండి.

ప్రవేశం. మూడు రకాల ఆక్సిన్‌లతో విడివిడిగా మోతాదుల రేఖలు గీయండి. ఐఏఏ, కృత్రిమ ఆక్సిన్ అయిన 2,4-డి ఎక్కువగా ఏయూఎక్స్1 వంటి వాహక ప్రోటీన్ల ద్వారా కణంలోకి వస్తాయి. మరో కృత్రిమ ఆక్సిన్ అయిన నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లం, అంటే ఎన్ఏఏ, వాహకం సాయం లేకుండానే త్వచాన్ని దాటగలదు. మొదటి రెండింటికి మొండికేసిన మొక్క ఎన్ఏఏకు మామూలుగా స్పందిస్తే లోపం ప్రవేశంలో ఉంది, గ్రాహకం బాగానే ఉంది. ఏయూఎక్స్1 లోపించిన అరబిడాప్సిస్ సరిగ్గా ఇలాగే ప్రవర్తిస్తుంది.

మన్నిక. ఐఏఏను కణాలు అమైనో ఆమ్లాలతో జతకట్టి, ఆక్సీకరించి త్వరగా తొలగిస్తాయి. 2,4-డి అంత సులువుగా తొలగదు. ఐఏఏకు మాత్రమే నిరోధం కనిపించి 2,4-డికి మామూలు స్పందన ఉంటే, ఐఏఏ మితిమీరి విచ్ఛిన్నమవుతోందేమో పరిశీలించాలి.

గుర్తింపు. మూడు ఆక్సిన్‌లకూ స్పందన తగ్గితే గ్రాహకం దగ్గరికి వచ్చినట్టు. ఇక్కడ ప్రకాశించే సూచికలు ఉపయోగపడతాయి. డీఐఐ-వీనస్ అనే సూచికలో ఆక్స్/ఐఏఏ ప్రోటీన్ ముక్క ఉంటుంది కాబట్టి, ఆక్సిన్ గ్రాహకానికి తగిలితే వెలుగు తగ్గుతుంది. ఆక్సిన్ ఇచ్చినా వెలుగు తగ్గకపోతే, ప్రవేశం సరిగా ఉందని ముందే తేల్చుకున్నందున, గుర్తింపులోనో ఆ వెంటనే జరిగే ప్రోటీన్ విచ్ఛిన్నంలోనో లోపం ఉందని చెప్పవచ్చు. విచ్ఛిన్నం కాకుండా మార్చిన సూచికను కంట్రోల్‌గా పక్కన పెట్టుకోవడం తప్పనిసరి.

అమలు. డీఆర్5 సూచిక ఏఆర్ఎఫ్‌లు పని చేసినప్పుడు వెలుగుతుంది. డీఐఐ-వీనస్ వెలుగు తగ్గినా డీఆర్5 వెలగకపోతే లోపం ఆ రెండింటి మధ్య ఉంది. డీఆర్5 వెలుగును ఆక్సిన్ పరిమాణంగా చదివేయడం చాలా వ్యాసాల్లో కనిపించే అలవాటు. నిజానికి అది దారి చివరి స్పందనను చూపుతుంది, మధ్యలో ఏ దశ మారినా అదీ మారుతుంది.

ఇథిలీన్ జోక్యం. ఆక్సిన్ ఎక్కువైతే మొలకలు ఇథిలీన్‌ను ఎక్కువగా తయారు చేస్తాయి, అది కూడా వేరును పొట్టి చేస్తుంది. దీన్ని ఆపడానికి చాలామంది వెండి లవణాలు వాడతారు, కానీ వెండి ఆక్సిన్ రవాణాను కూడా మారుస్తుంది కాబట్టి చిక్కు విడకపోగా మరొకటి పడుతుంది. వీలైతే ఈటీఆర్1 గ్రాహకం మారిపోవడం వల్ల లేదా ఈఐఎన్2లో లోపం వల్ల ఇథిలీన్‌కు స్పందించని మొక్కలతో అదే పరీక్ష చేయడం శుభ్రమైన మార్గం.

## 9. ఇతర హార్మోన్లకు మార్పులు

జిబ్బరెల్లిన్. గ్రాహకం జీఐడీ1. హార్మోన్ తగిలితే పెరుగుదలను ఆపి ఉంచే డెల్లా ప్రోటీన్లు నాశనమవుతాయి. మరుగుజ్జు మొక్కకు జిబ్బరెల్లిక్ ఆమ్లం ఇచ్చి కాండం పొడవు కొలవండి. పొడవు పెరిగితే లోపం హార్మోన్ తయారీలో ఉంది, పెరగకపోతే గ్రహించడంలోనో అమలులోనో ఉంది. ఎస్‌డీ1 రకపు పొట్టి వరి, పొట్టి బఠాణీ మొదటి కోవకు చెందుతాయి. డెల్లా ప్రోటీన్ మారిపోయిన పొట్టి గోధుమ రెండో కోవకు చెందుతుంది. ఈ ఆమ్లాన్ని ఆటోక్లేవ్ చేయకుండా సూక్ష్మ వడపోతతో శుద్ధి చేసి కలపాలి.

ఇథిలీన్. వాయువుకు బదులు, మొక్క ఇథిలీన్‌గా మార్చుకునే ఏసీసీని 10 మైక్రోమోలార్ గాఢతలో కలిపి, అరబిడాప్సిస్ విత్తనాలను మూడు రోజులు పూర్తి చీకటిలో మొలకెత్తించండి. కాండం పొట్టిగా లావెక్కడం, కొన కొక్కెం బాగా వంగడం, వేరు పొట్టిబడటం కలిసి కనిపించాలి. ఇక్కడ విత్తనాన్ని నేరుగా హార్మోన్ మీద మొలకెత్తించడం తప్పు కాదు. ఇథిలీన్ గ్రాహకాలు హార్మోన్ లేనప్పుడే పని చేస్తూ స్పందనను ఆపుతాయని గుర్తుంచుకోకపోతే ఉత్పరివర్తితాల ఫలితాలు తలకిందులుగా అర్థమవుతాయి.

సైటోకైనిన్. కోసిన ఆకులను కైనెటిన్ అనే సైటోకైనిన్ ద్రావణంలో చీకట్లో ఉంచి, పత్రహరితం ఎంత నిలిచిందో కొలవండి. కైనెటిన్‌ను ముందుగా కొద్దిపాటి సజల క్షారంలో కరిగించి, ఆ తర్వాత పీహెచ్ సరిచేయాలి.

అబ్సిసిక్ ఆమ్లం. దీనికి మొలకెత్తే శాతమే కొలమానం. రోజుకు ఒకసారి కాకుండా 12 గంటలకు ఒకసారి లెక్కించండి, ఎందుకంటే ఇది తరచూ మొలకెత్తడాన్ని ఆపడం కంటే ఆలస్యం చేస్తుంది.

## 10. తరచూ ఎదురయ్యే చిక్కులు, సవరణలు

కంట్రోల్‌తో సహా అన్ని వేళ్లూ పొట్టిగా ఉన్నాయి. హైపోక్లోరైట్ సరిగా కడగకపోవడం, పళ్లేలను బిగించి మూయడం, మార్చేటప్పుడు వేళ్లు ఆరిపోవడం, ఈ మూడింటినీ ఇదే వరుసలో అనుమానించండి. ద్రావణి లేని పళ్లెం బాగుంటే దోషం ఇథనాల్‌ది.

ఏ మోతాదుకూ స్పందన లేదు. ఐఏఏ పాడై ఉండవచ్చు. అదే మాధ్యమంలో 2,4-డి వేసి చూడండి. దానికి వేళ్లు ఆగితే కొత్త ఐఏఏ ద్రావణం చేసుకోవాలి. 2,4-డి కలుపు మందు కూడా కాబట్టి చేతి తొడుగులు వేసుకోండి, మిగిలిన ద్రావణాన్ని మొక్కలున్న చోట పారబోయకండి.

మోతాదు పెరిగినా స్పందన వరుసగా పెరగడం లేదు. పలుచన చేసేటప్పుడు ఇథనాల్ ఆవిరైపోయి గాఢతలు తప్పి ఉంటాయి. మూతలు తెరిచి ఉంచకుండా, చిన్న పరిమాణాల్లో కొత్త వరుస చేయండి.

అతి తక్కువ మోతాదులో వేళ్లు కంట్రోల్ కంటే పొడవుగా వచ్చాయి. ఇది నిజమైన ప్రోత్సాహం కావచ్చు, పళ్లేల మధ్య తేడా కూడా కావచ్చు. మూడు స్వతంత్ర ప్రయోగాల్లోనూ అలాగే వస్తేనే రాసుకోండి.

ఉత్పరివర్తిత మొక్క కంట్రోల్ పళ్లెంలోనే పొట్టిగా ఉంది. సగం పొడవున్న వేరు హార్మోన్‌తో మరికొంత తగ్గితే, మిల్లీమీటర్లలో ఆ తగ్గుదల చిన్నదిగా కనిపించి నిరోధం ఉందనిపిస్తుంది. ప్రతి రకాన్నీ దాని సొంత కంట్రోల్‌తో పోల్చి శాతం కట్టండి, అసలు పొడవులను కూడా పక్కనే ఇవ్వండి.